కుడివైపు కింది మూల

పోయిన కార్తీకంలో, అమావాస్యకి రెండు రోజుల ముందు, మా డాబా మీద నుంచి, టెలిస్కోపుకి కెమెరా తగిలించి, పిల్లలకోడి చుక్కల్ని ఫొటో తీశాను. కృత్తికలు అని పుస్తకాల్లో ఉంటుంది గానీ మా నాయనమ్మకి అది పిల్లలకోడే, నాకూ అదే అలవాటు. నిమిషం చొప్పున ఎనభై ఫ్రేములు. మంచు పట్టకముందే అన్నీ వచ్చేశాయి, టెలిస్కోపుని మోస్తూ చుక్కల వెంట తిప్పే మౌంటు ఎక్కడా మొరాయించలేదు, పక్క చేలో సార్వా కోతలకి వచ్చిన మిషను కూడా పదింటికల్లా లైట్లు ఆపేసింది. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ ఫ్రేములన్నీ స్టాక్ చేసి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి చూసుకుంటే మధ్యలో చుక్కలన్నీ ఆవగింజల్లా గుండ్రంగా, వాటి చుట్టూ నీలి పొగ సన్నగా పరుచుకుని, నిజంగా కళ్ళు చెమర్చాయి. తర్వాత జూమ్ చేసి మూలల్లోకి వెళ్ళాను. కుడివైపు కింది మూలలో చుక్కలు వడ్లగింజల్లా ఉన్నాయి.

ఒకటీ రెండూ కాదు, ఆ మూలలో ఉన్నవన్నీ అంతే. ఒక్కోటి వెడల్పుకి రెండింతల పొడవు. పై ఎడమ మూలకి వెళ్తే శుభ్రంగా ఉంది. మిగతా రెండు మూలలూ కాస్త ముద్దగా ఉన్నా చూడొచ్చు.

ఆ ఒక్క మూల వెనక మూడు నెలలు తిరిగాను. మా ఊరు అంబాజీపేటకి దగ్గర, చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఫోన్లో ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు: అద్దం తేడా, కరెక్టర్ తేడా, ఇది మార్చు, అది కొను. ఏదీ కొనకముందే ఆ చుక్కల ఆకారమే చాలా చెబుతుందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

నా దగ్గరున్నది 6 అంగుళాల న్యూటోనియన్ (అడుగున ఉన్న అద్దంతో వెలుగుని పోగుచేసి పక్కకి పంపే టెలిస్కోపు), ఫోకల్ లెంత్ 750 మి.మీ., అంటే అద్దం వెడల్పుకి ఐదింతలు, ఎఫ్/5. దానికో కోమా కరెక్టర్ (మూలల్లో చుక్కలకి తోక రాకుండా చూసే కటకాల గొట్టం), సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెనాన్ 1300డి, ఈక్వటోరియల్ మౌంటు. కెమెరా పిక్సెల్ 4.3 మైక్రాన్లు, ఈ టెలిస్కోపు మీద ఒక్కో పిక్సెల్ ఆకాశంలో దాదాపు 1.2 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) చూస్తుంది. ఈ అంకెలు ముందే చెప్పడం దేనికంటే, కింద ప్రతి లెక్కా వీటి మీదే నడుస్తుంది.

ఇంకో మాట. ఇలాంటి ఫొటో చూపిస్తే అందరూ డిస్టార్షన్ అనేస్తారు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆప్టిక్స్‌లో డిస్టార్షన్ అంటే చుక్క ఉండాల్సిన చోటు నుంచి పక్కకి జరగడం, దాని ఆకారం మాత్రం చెడదు. చుక్క సాగడం, తోక రావడం, రెక్కలు రావడం ఇవన్నీ వేరు: కోమా (చుక్కకి తోక రావడం), ఆస్టిగ్మాటిజం (చుక్క ఒక దిక్కుకి సాగడం), ఫీల్డ్ కర్వేచర్ (మధ్యకీ మూలలకీ ఒకేసారి ఫోకస్ కుదరకపోవడం), లేదా అసలు గాజుతో సంబంధమే లేని టిల్టు (ఏదో భాగం వాలడం), ట్రాకింగ్ (మౌంటు చుక్కని సరిగ్గా వెంబడించకపోవడం). పేరు తప్పు పెడితే వెతుకులాట కూడా తప్పు దారిలోనే పోతుంది.

నేను మొదట చేసిన పని లేజర్ కొలిమేటర్ పెట్టి అద్దం స్క్రూలు తిప్పడం, అంటే అద్దాల్ని ఒక గీతలోకి తెచ్చే కొలిమేషన్. అదే రాత్రి, చీకట్లో, ఒక్కణ్ణే. ఎర్రచుక్క మధ్యలోకి వచ్చింది కదా అని సంబరపడి మళ్ళీ ఫొటో తీస్తే, ఈసారి నాలుగు మూలలూ చెడ్డాయి, పైగా మధ్యలో చుక్కకి కూడా చిన్న తోక వచ్చింది. ఫ్రేము మధ్యలోనే తోక వస్తే అది కచ్చితంగా కొలిమేషన్ తప్పు. నేనే చెడగొట్టాను. మర్నాడు పగలు లేజర్‌ని ఫోకసర్‌లో (కెమెరాని పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపే భాగంలో) పెట్టి దాన్నే గుండ్రంగా తిప్పి చూశాను. లేజర్ సరిగ్గా ఉంటే అద్దం మీద చుక్క ఉన్నచోటే ఉండాలి. అది చిన్న చేతిగాజు చుట్టుకొలతలో సున్నా చుట్టింది. అంటే కొలబద్దే వంకర, దాన్ని నమ్మి నేను అద్దాన్ని వంచాను.

హబుల్ టెలిస్కోపుకి జరిగింది ఇదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. 1990 ఏప్రిల్‌లో పైకి పంపాక ఫొటోలు మసగ్గా వచ్చాయి. 2.4 మీటర్ల అద్దం అంచు ఉండాల్సినదానికంటే 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా ఉందని తేలింది. అద్దం చెక్కినవాళ్ళు బ్రహ్మాండంగా చెక్కారు, దాన్ని పరీక్షించే నల్ కరెక్టర్‌లో ఒక కటకం 1.3 మి.మీ. తప్పు దూరంలో కూర్చుంది. ఇంకా బాధాకరం ఏమిటంటే, వేరే పరికరాలతో చేసిన పరీక్షల్లో తేడా కనిపించింది, కానీ అవి అంత నమ్మకమైనవి కావని పక్కన పెట్టేశారు. తప్పు ఎంతో కచ్చితంగా తేల్చడానికి చివరికి ఆ మసక నక్షత్రాల ఫొటోలు కూడా ఆధారమయ్యాయి, 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్ళి సరిచేశారు. ఆ కథ చదివిన రోజు నుంచి చుక్క చెప్పేదే నాకు మొదటి సాక్ష్యం.

లేజర్ పక్కన పెట్టి చెషైర్‌తో (కంటితో చూసి అద్దాలు సర్దుకునే గొట్టం), పగటి వెలుతురులో, నిదానంగా కొలిమేషన్ మళ్ళీ చేసుకున్నాను. మధ్యలో తోక పోయింది. కుడివైపు కింది మూల మాత్రం మళ్ళీ వడ్లగింజలే.

అక్కడి నుంచి ఒకసారికి ఒక్క పనే చేద్దామని ఒట్టు పెట్టుకున్నాను.

ముందు కాలాన్ని, గాజుని విడదీశాను. ఒకే చోట రెండు సెకన్ల ఫ్రేము ఒకటి, అరవై సెకన్ల ఫ్రేము ఒకటి తీసి పక్కపక్కన పెట్టాను. ట్రాకింగ్ తప్పైతే ఫ్రేము అంతటా చుక్కలు ఒకే దిక్కుకి సాగుతాయి, రెండు సెకన్లలో ఆ సాగడానికి టైము చాలదు. గాజుదో టిల్టుదో అయితే రెండు సెకన్లలోనూ ఉంటుంది. నాకు రెండూ ఉన్నాయని తేలింది! అరవై సెకన్ల ఫ్రేములో అన్ని చుక్కలూ ఉత్తర దక్షిణాలుగా కొంచెం సాగాయి, రెండు సెకన్ల దాంట్లో అది మాయమైంది, కానీ కుడి మూల మాత్రం మారలేదు. ఒక తప్పు మీద ఇంకో తప్పు కూర్చుంటే ఆకారం చూసి ఏదీ చెప్పలేం, అందుకే ఈ పరీక్ష అన్నిటికంటే ముందు చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఉత్తర దక్షిణాల సాగుడుకి కారణం మా కొబ్బరిచెట్లు. ఇది కోనసీమలో ఉండేవాళ్ళకే అర్థమయ్యే కష్టం. పోలార్ అలైన్‌మెంట్‌కి, అంటే మౌంటు అక్షాన్ని ధ్రువానికి గురిపెట్టడానికి, ధ్రువ నక్షత్రం కనపడాలి, మా దగ్గర అది ఆకాశంలో 16న్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. డాబా మీద నా కంటికంటే 15 మీటర్లు పైకి లేచిన కొబ్బరిచెట్టు ఉత్తరాన 50 మీటర్ల దూరంలో ఉన్నా ధ్రువుణ్ణి కప్పేస్తుంది. మా ఉత్తరాన తోట అంతా కొబ్బరే. ఆకుల సందులోంచి ఒక్క క్షణం మెరిసిన చుక్కని చూసి అదే అనుకుని సర్దుకుపోయేవాణ్ణి. మౌంటు అక్షం ధ్రువానికి అర డిగ్రీ తప్పితే చుక్క నిమిషానికి 8 ఆర్క్‌సెకన్ల దాకా జారుతుంది, నా కెమెరాలో అది ఆరేడు పిక్సెళ్ళు.

దీనికి మందు డ్రిఫ్ట్ పద్ధతి, ధ్రువుడు కనపడక్కర్లేదు. దక్షిణంగా, ఖగోళ మధ్యరేఖ దగ్గర ఒక చుక్కని పట్టుకుని అది ఉత్తరానికో దక్షిణానికో ఎటు జారుతోందో చూసి మౌంటుని అడ్డంగా సర్దాలి. తర్వాత తూర్పునో పడమరనో కిందికున్న చుక్కని పట్టుకుని ఎత్తు సర్దాలి. నాకు మొదటిసారి గంటన్నర పట్టింది. ఇప్పుడు నినా సాఫ్ట్‌వేర్‌లో మూడు చోట్ల ఫొటో తీసి లెక్కగట్టే త్రీ పాయింట్ పద్ధతి వాడుతున్నాను, ఆకాశం ఏ వైపు తెరిపిగా ఉంటే ఆ వైపు చేసుకోవచ్చు.

ఇక మూల. ముందుగా కరెక్టర్ మీద ఉన్న అనుమానం తీర్చుకోవాలి. ఎఫ్/5 న్యూటోనియన్‌లో కరెక్టర్ లేకపోతే నా సెన్సార్ మూలలో కోమా తోక లెక్క ప్రకారం దాదాపు 28 ఆర్క్‌సెకన్లు ఉండాలి, అంటే 23 పిక్సెళ్ళు, తోకలన్నీ మధ్య నుంచి బయటికి విచ్చుకుని ఉండాలి, నాలుగు మూలల్లోనూ. నా వడ్లగింజ పొడవు పది పిక్సెళ్ళు లేదు, అదీ ఒక్క మూలలో. కాబట్టి కరెక్టర్ తన పని తను చేస్తోంది. కరెక్టర్‌కీ సెన్సార్‌కీ మధ్య దూరం తప్పైనా నాలుగు మూలలూ ఒకేలా చెడతాయి. ఒక మూల చెడి ఎదుటి మూల బాగుందంటే ఏదో వాలి ఉంది, అదే టిల్టు.

ఇక్కడ నన్ను చాలాకాలం తికమక పెట్టిన విషయం ఒకటుంది. ఏదైనా వాలితే ఒక మూల దగ్గరికి, ఎదుటి మూల దూరానికి జరుగుతాయి కదా, మరి రెండూ సమానంగా చెడాలి కదా? నాకు పై ఎడమ మూల అంత శుభ్రంగా ఎందుకుంది? జవాబు బాటినోవ్ మాస్కుతో దొరికింది. అది టెలిస్కోపు మూతికి పెట్టే చీలికల పలక, ఫోకస్ కుదిరితే చుక్క మీద పడే మూడు గీతల్లో మధ్యది సరిగ్గా నడుమన ఉంటుంది. రోహిణి మా ఊళ్ళో దాదాపు సరిగ్గా నడినెత్తి మీదుగా వెళుతుంది, దాన్ని మధ్యలో ఫోకస్ చేసి, ఫోకసర్ ముట్టుకోకుండా ఒక్కో మూలకీ జరిపి మాస్కు గీతలు చూశాను. కుడి కింద మధ్యగీత బాగా పక్కకి పోయింది. పై ఎడమన ఉన్నచోటే ఉంది. మిగతా రెండు మూలల్లో కొంచెం కొంచెం, ఒకే వైపుకి. అంటే నాలుగు మూలల్లోనూ కొద్దిగా ఫీల్డ్ కర్వేచర్ మిగిలి ఉంది, దాని మీద వాలు కూడా కలిసింది. ఒక మూలలో రెండూ కూడుకున్నాయి, ఎదుటి మూలలో ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఇది బుర్రకెక్కిన రాత్రి నేను డాబా మీద అలాగే కూర్చుండిపోయాను, మూడింటిదాకా కిందికి దిగలేదు.

తర్వాత, వాలింది ఏది? కరెక్టర్ నుంచి కెమెరా దాకా మొత్తాన్ని ఫోకసర్‌లో 180 డిగ్రీలు తిప్పి, మధ్యలో మళ్ళీ ఫోకస్ చేసి తీశాను. తప్పు కెమెరాలోనో కరెక్టర్‌లోనో ఉంటే చెడ్డ మూల ఫొటోలో కుడి కిందే ఉండిపోవాలి, ఎందుకంటే అది కెమెరాతోపాటే తిరుగుతుంది. నాకు అది పై ఎడమకి మారింది. అంటే కెమెరా, కరెక్టర్ నిర్దోషులు, తప్పు ఫోకసర్ దగ్గరో దానికి ముందో ఉంది. రెండు నిమిషాల పని. ఈ ఒక్క పరీక్ష మొదటి రోజే చేసుంటే కొత్త కరెక్టర్ ధరలు చూసుకుంటూ గడిపిన రాత్రులన్నీ మిగిలేవి.

ఆఖరిది బరువు పరీక్ష. న్యూటోనియన్‌లో టెలిస్కోపు నిటారుగా చూస్తున్నప్పుడు కెమెరా పక్కకి, గాల్లో చాపిన చెయ్యిలా వేలాడుతుంది. పుష్యంలో ఒక రాత్రి పొగమంచు లేకపోతే దక్షిణాన అగస్త్యుడి వైపు వంచాను. మా దగ్గర అగస్త్య నక్షత్రం బాగా పైకి వచ్చినప్పుడు కూడా 21 డిగ్రీలే, వరిచేల మీదుగా కనిపిస్తుంది. ట్యూబుని రింగుల్లో తిప్పి కెమెరా సరిగ్గా కిందికి వేలాడేలా పెట్టాను, బరువు గొట్టం వెంబడే పడేలాగ. అంత కింద గాలి పొరల వల్ల చుక్కకి పైన నీలం, కింద ఎరుపు అంచు వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఆకారం మాత్రం చూశాను. చెడ్డ మూల సగానికి పైగా బాగుపడింది. అద్దం కదల్లేదు, కెమెరా బరువు పడే దిక్కు మారింది, అంతే. అంటే వాలుతున్నది కెమెరాని ఫోకసర్ పట్టుకునే చోట.

మర్నాడు ఫోకసర్‌ని, అందులో దూరే కరెక్టర్ గొట్టాన్ని ఊడదీసి సంచీలో వేసుకుని అంబాజీపేటలో లేతు పని చేసే మావయ్య దగ్గరికి వెళ్ళాను. సొంత మావయ్య కాదు, వరసకి అలా పిలుస్తాను. ఆయన రోజూ చేసేది ఏరియేటర్ షాఫ్టులు, మోటారు పంపుల బుష్‌లు. టెలిస్కోపు ముక్క ఎప్పుడూ చూడలేదు. చేతిలోకి తీసుకుని గొట్టాన్ని అటూ ఇటూ కదిపి, వెర్నియర్ పెట్టి చూశాడు. ఫోకసర్ లోపలి బోరు 51.0 మి.మీ., గొట్టం 50.6.

"దీన్ని ఎన్ని స్క్రూలతో బిగిస్తున్నావురా?"

"రెండు, మావయ్యా."

"రెండు పెట్టి నొక్కితే ఎదుటి గోడకి తోసేస్తుంది. గోడకి ఆనుకున్న వైపు నిలబడుతుంది, ఇవతల సందు అలాగే ఉంటుంది. బరువు తగిలితే వాలకుండా ఏం చేస్తుంది?"

ఆయన అన్నది నేను కాగితం మీద లెక్కేశాను. గొట్టం లోపలికి దిగేది 25 మి.మీ. ఆ పొడవులో 0.4 మి.మీ. వాలితే సెన్సార్ మూలకి వచ్చేసరికి ఫోకస్ 0.2 మి.మీ. తప్పుతుంది. ఎఫ్/5లో 0.2 మి.మీ. తప్పితే చుక్క 40 మైక్రాన్ల మచ్చ అవుతుంది, దాదాపు 9 పిక్సెళ్ళు. మూలల్లో మిగిలి ఉన్న ఆస్టిగ్మాటిజం వల్ల ఆ మచ్చ గుండ్రంగా ఉండక ఒక వైపుకి సాగుతుంది. నా వడ్లగింజ అదే. అసలు ఎఫ్/5లో ఫోకస్ నిలిచే మందం మొత్తం 67 మైక్రాన్లు, మనం రాసుకునే తెల్లకాగితం మందం కంటే తక్కువ. లేజర్ సున్నా చుట్టింది కూడా ఈ సందు వల్లే! అది కూడా ఇదే బోరులో, ఇవే రెండు స్క్రూల కింద కూర్చుంది. లేజర్‌ని తిట్టుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మావయ్య ఇత్తడి కడ్డీలోంచి ఒక రింగు తిప్పాడు. నేను పక్కనే నిలబడి చూశాను. చక్‌లో బిగించి, డయల్ గేజ్ ఆనించి, ముల్లు కదలడం ఆగేదాకా చిన్న సుత్తితో ఒక్కో వైపు తడుతూ కూర్చున్నాడు, దానికే పావుగంట. ఇత్తడి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే మధ్యలో రెండుసార్లు ఆపి గొట్టం పెట్టి చూశాడు. మూడోసారి గొట్టం గాలిని నెట్టుకుంటూ మెల్లిగా లోపలికి దిగింది, తలకిందులు చేసినా జారలేదు. ఆ రింగుకి ఒక చోట నిలువుగా చీలిక పెట్టి, ఫోకసర్ బోరులో కూర్చోబెట్టి, బయట స్క్రూలు మూడు చేశాడు, 120 డిగ్రీలకి ఒకటి చొప్పున ట్యాపు కొట్టి. స్క్రూలు నొక్కితే రింగు చుట్టూ సమానంగా బిగుస్తుంది, గొట్టాన్ని ఏ గోడకీ తోయదు. డబ్బులు ఇవ్వబోతే ఇత్తడి ఖరీదే తీసుకున్నాడు.

ఆ రాత్రి మళ్ళీ రోహిణి, మళ్ళీ మాస్కు. నాలుగు మూలల్లోనూ మధ్యగీత ఒకేలా, ఒకే వైపుకి, కొంచెమే జరిగింది. నాలుగూ సమానం! సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో మూలలన్నీ పక్కపక్కన చూపించే అబెరేషన్ ఇన్‌స్పెక్టర్ తెరిచి చూస్తే ఏది ఏ మూలో గుర్తుపట్టలేకపోయాను.

ఆ మిగిలిన కొంచెం తేడా, కరెక్టర్‌కీ సెన్సార్‌కీ మధ్య దూరం లెక్క. నా కరెక్టర్‌కి సెన్సార్ 55 మి.మీ. దూరంలో ఉండాలి. కెనాన్ బాడీలో 44, కెమెరాని కరెక్టర్‌కి కలిపే టీ రింగు 11, సరిపోయింది అనుకున్నాను. కానీ రోడ్డు లైట్లకీ, రొయ్యల చెరువుల లైట్లకీ తట్టుకోలేక మధ్యలో 2 మి.మీ. ఫిల్టర్ గాజు పెట్టాను, గాజు తన మందంలో మూడో వంతు ఫోకస్‌ని వెనక్కి నెడుతుంది. అంటే 55.7 కావాలి. పలచని ప్లాస్టిక్ రింగులు కలిపి 0.7 పెంచాను. కరెక్టర్ల డిజైన్లు రకరకాలు, చుక్కలు ఎటు సాగితే దూరం పెంచాలో తగ్గించాలో అన్నిటికీ ఒకే సూత్రం పనిచేయదు, రింగు వేసి ఫొటో తీసి చూసుకోవడమే మేలు.

మాఘంలో అమావాస్య దగ్గర మళ్ళీ పిల్లలకోడి తీశాను, చీకటి పడగానే, పడమటికి వాలకముందు. గంటసేపే దొరికింది. మావయ్యని రమ్మంటే రాత్రి షాపు కట్టేసి సైకిల్ మీద వచ్చాడు, డాబా ఎక్కి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నీలి మబ్బు చూపిస్తే తలూపాడు. "ఆ మూల చూపించరా," అన్నాడు. కుడివైపు కింది మూల పెద్దది చేశాను. తర్వాత పై ఎడమ. మళ్ళీ కుడి కింద చూపించమన్నాడు. చుక్కల్ని వేలితో ఒక్కొక్కటిగా తాకి, "ఇప్పుడు రౌండు వచ్చింది," అన్నాడు.

అమ్మ టీ తెచ్చేలోపు ఆయన లేచి టెలిస్కోపు వెనక్కి వెళ్ళి, టార్చి వేసి, అద్దం కింద ఉన్న మూడు స్ప్రింగుల్ని వేలితో నొక్కి చూశాడు. సముద్రపు గాలికి ఒకటి ఎర్రగా తుప్పు పట్టి ఉంది, మిగతా రెండింటికంటే మెత్తగా దిగుతోంది. నేనెప్పుడూ చూసుకోలేదు.

"ఇది ఎన్నాళ్ళో ఆగదురా," అని రేపు పొద్దున్నే ఆ స్ప్రింగు విప్పి షాపుకి పట్టుకురమ్మన్నాడు.